పుట్టగొడుగుల ఎక్స్‌ట్రాక్టులు, మతిమరుపు జబ్బులు, ఎలుకల మీద ప్రయోగాలు: నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్తాను, కాలేజీ యానిమల్ హౌస్ పని కూడా చూస్తాను. పుట్టగొడుగుల నుంచి తీసిన సారం, అంటే ఎక్స్‌ట్రాక్ట్, మెదడు జబ్బులకు పనిచేస్తుందా అని నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కునే పిల్లలు ఒకరు, ఇంట్లో పెద్దవాళ్లకు యాది తగ్గుతుంటే టెన్షన్ పడుతున్న కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు ఇంకొకరు. ఇద్దరూ చూసేది ఒకే వీడియోలు, ఒకే హెడ్డింగులు. అందుకే జవాబులు కూడా ఒక్కచోటే రాస్తున్నాను.

మా నాయనకు యాది ఉంటలేదు. లయన్స్ మేన్ పొడి ఇయ్యొచ్చా సార్?

ముందు డాక్టర్‌కు చూపించండి, పొడి సంగతి తర్వాత చూద్దాం. ఇది తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు. మతిమరుపు అనిపించే వాటిలో కొన్ని పూర్తిగానో, చాలావరకో నయమయ్యేవి ఉంటాయి: బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, నిద్రకో మూత్రానికో అలర్జీకో వాడే కొన్ని మాత్రల ప్రభావం, ఎప్పుడో బండి మీద నుంచి పడితే తలలో మెల్లగా పేరుకున్న రక్తం. మామూలు రక్త పరీక్షలు, అవసరమైతే ఒక స్కాన్ తీస్తే ఇవి చాలావరకు బయటపడతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. ఆర్నెల్లు పొడి మీద గడిపి తర్వాత బి12 లోపమని తెలిస్తే, ఆ ఆర్నెల్లలో నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇక పొడి విషయం, అంటే లయన్స్ మేన్ అనే పుట్టగొడుగు పొడి. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువగా చెప్పుకునేది జపాన్‌లో 2009లో వెలువడినది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య, కొద్దిపాటి మతిమరుపు ఉన్న 30 మందిలో సగం మందికి లయన్స్ మేన్ మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు 16 వారాలు ఇచ్చారు. రోజుకు 3 గ్రాముల మోతాదు. పుట్టగొడుగు తీసుకున్నవాళ్ల స్కోర్లు పెరిగాయి, ఆపేసిన 4 వారాలకు మళ్లీ తగ్గాయి. ఆశ పుట్టించే ఫలితమే, కాదనను. కానీ 30 మంది అంటే చాలా తక్కువ, పైగా వాళ్లది కొద్దిపాటి మతిమరుపు, ముదిరిన అల్జీమర్స్ కాదు. ఇవ్వాలనే అనుకుంటే డాక్టర్‌తో చెప్పి ఇవ్వండి. డొనెపెజిల్ లాంటి మతిమరుపు మందు నడుస్తుంటే దాన్ని మాత్రం ఆపకండి. ఎలుకల్లో పనిచేసిందని చెప్పి ఎవరైనా మందు మాన్పించమంటే వినొద్దు.

అసలు ఏయే పుట్టగొడుగుల మీద ఈ పరీక్షలు చేస్తున్నారు?

ఎక్కువగా లయన్స్ మేన్, అంటే హెరీషియం ఎరినేసియస్. తెల్లగా, జూలు వేలాడినట్టు ఉంటుంది. తర్వాత రీషీ అని పిలిచే గానోడెర్మా. తర్వాత కార్డిసెప్స్. హిమాలయాల్లో పురుగు మీద మొలిచేది ఒక రకం, ఇప్పుడు ల్యాబుల్లో బ్రౌన్ రైస్ మీద నారింజ రంగులో పెంచి అమ్ముతున్నది ఇంకో రకం. మనం కూర వండుకునే ముత్యపు చిప్ప పుట్టగొడుగు మీద కూడా పనులున్నాయి. వీటన్నింటిలో మెదడుకు సంబంధించి ఎక్కువ ఆధారం ఉన్నది లయన్స్ మేన్‌కే అని నా అభిప్రాయం. మిగతా వాటిలో ఎక్కువ భాగం యాంటీ ఆక్సిడెంట్ దగ్గరే ఆగిపోతుంది.

లయన్స్ మేన్‌కు అంత పేరు ఎందుకొచ్చింది?

నరాల కణాలు పెరగడానికి, బతకడానికి శరీరం తయారు చేసుకునే ప్రొటీన్ ఒకటుంది, నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎన్‌జీఎఫ్ అంటాం. దాన్ని కనిపెట్టిన పనికి రీటా లెవీ మోంటల్చినీకి, స్టాన్లీ కోహెన్‌తో కలిపి 1986లో నోబెల్ వచ్చింది. ఎన్‌జీఎఫ్ పెద్ద ప్రొటీన్, బయటి నుంచి ఇస్తే మెదడులోకి పోదు. మరి మెదడే దాన్ని ఎక్కువ తయారు చేసేలా ప్రేరేపించే చిన్న పదార్థం దొరికితే? జపాన్‌లో కవాగిషి బృందం 1991లో ఈ పుట్టగొడుగు కాయ (పైకి కనిపించే, మనం తినే భాగం) నుంచి హెరిసెనోన్లు, 1994లో దాని మైసీలియం (కింద అల్లుకునే దారపు పోగులు) నుంచి ఎరినాసిన్లు అనే పదార్థాలు వేరు చేసి, ల్యాబులో పెంచిన కణాల్లో అవి ఎన్‌జీఎఫ్ తయారీని పెంచుతాయని చూపించింది. ఎరినాసిన్-ఎ అనేది ర్యాట్‌లలో (పెద్ద ఎలుకల్లో) రక్తం నుంచి మెదడులోకి చేరుతుందని తర్వాత తేలింది. అల్జీమర్స్ జన్యువులు పెట్టిన చిట్టెలుకలకు ఎరినాసిన్-ఎ ఎక్కువగా ఉన్న మైసీలియం 30 రోజులు ఇస్తే మెదడులో అమైలాయిడ్ మచ్చలు (అల్జీమర్స్‌లో పేరుకునే ప్రొటీన్ గడ్డలు) తగ్గాయని తైవాన్ బృందం 2016లో చూపించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. హెరిసెనోన్లు కాయలో, ఎరినాసిన్లు మైసీలియంలో. అంటే కాయ పొడి కొని మైసీలియం మీద జరిగిన పరిశోధన చదివి నమ్మకం పెంచుకుంటే మీరు కొన్నది ఒకటి, చదివింది ఇంకొకటి.

ఎలుకకు అల్జీమర్స్ ఎలా తెప్పిస్తారు?

తెప్పించలేం. దానికి దగ్గరగా ఉండే ఒక ముక్కను మాత్రమే తయారు చేస్తాం, ఏ ముక్క అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మామూలు ర్యాట్‌కు ఎంత ముసలితనం వచ్చినా మనిషిలా అమైలాయిడ్ మచ్చలు రావు, దాని అమైలాయిడ్ ప్రొటీన్ మన దానికి 3 అమైనో ఆమ్లాల తేడాలో ఉంటుంది, గడ్డకట్టే గుణం తక్కువ.

మన కాలేజీల్లో ఎక్కువగా నడిచేది స్కోపోలమైన్ అనే మందుతో చేసే మోడల్. చౌక, తొందరగా అయిపోతుంది. కడుపులోకి ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు ఎలుక తోవ మర్చిపోతుంది. కానీ ఇందులో ఒక్క నరకణం కూడా చావదు. జ్ఞాపకశక్తికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ సంకేతాన్ని కాసేపు అడ్డుకుంటుంది, అంతే. కాబట్టి మీ ఎక్స్‌ట్రాక్ట్ స్కోపోలమైన్ మీద పనిచేస్తే అది జ్ఞాపకశక్తి సంకేతానికి సాయం చేసిందని రాయండి, నరాల క్షీణతను ఆపిందని రాయకండి. ఈ ఒక్క తప్పు ఎన్ని థీసిస్‌లలో చూస్తానో చెప్పలేను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే పని బాగానే చేసి ఉంటారు, పేరు దగ్గరే తప్పిపోతారు.

అల్యూమినియం క్లోరైడ్‌ను వారాల తరబడి నోటి ద్వారా ఇచ్చే మోడల్ ఇంకోటి. ఇందులో ఆక్సిడేటివ్ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువులు కణాలను దెబ్బతీయడం), కొంత కణనష్టం వస్తాయి. దీనికో చిక్కుంది: పుట్టగొడుగు పాలిసాకరైడ్లను (పెద్ద చక్కెర గొలుసులను) కూడా నోటి ద్వారానే ఇస్తే, అవి పేగులోనే అల్యూమినియాన్ని పట్టేసి ఒంట్లోకి పోకుండా ఆపవచ్చు. అప్పుడు మెదడు బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఎక్స్‌ట్రాక్ట్ మెదడు దాకా పోనేలేదు. అందుకే రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం పెట్టాలి, చివర్లో మెదడులో అల్యూమినియం ఎంత ఉందో కొలిపించాలి.

స్ట్రెప్టోజోటోసిన్ అనే విషాన్ని నేరుగా మెదడు గదుల్లోకి ఎక్కించేది కొంచెం మెరుగైన మోడల్. మెదడులో ఇన్సులిన్ వాడకం దెబ్బతిని, మనుషుల్లో వయసుతో వచ్చే రకానికి కాస్త దగ్గరగా ఉంటుంది. కానీ స్టీరియోటాక్సిక్ పరికరం (తలను కదలకుండా పట్టి సరైన చోట సూది దించేది) కావాలి, ఆపరేషన్ చేసే చెయ్యి కావాలి, తర్వాత చూసుకునే ఓపిక కావాలి. ఇక జన్యువులు మార్చిన చిట్టెలుకలైతే ఖరీదు, జిల్లా కాలేజీకి మామూలుగా అందవు.

పార్కిన్సన్స్‌కు ఏ మోడల్ తీసుకోవాలి?

ఎంపీటీపీ అనే రసాయనం కథ తెలుసుకోండి ముందు. 1982లో కాలిఫోర్నియాలో మత్తుకు అలవాటుపడ్డ కొందరు కుర్రాళ్లు ఉన్నట్టుండి కదల్లేని స్థితిలో ఆస్పత్రికి వచ్చారు, చూస్తే ముదిరిన పార్కిన్సన్స్ లాగే ఉంది. వాళ్లు తీసుకున్న కల్తీ మత్తుమందులో ఎంపీటీపీ ఉందని లాంగ్‌స్టన్ అనే డాక్టర్ బృందం పట్టుకుంది. అప్పటి నుంచి అది మోడల్ అయింది. ర్యాట్‌ల మీద ఇది సరిగా పనిచేయదు, సి57 బ్లాక్ 6 జాతి చిట్టెలుకలు కావాలి.

ఎంపీటీపీ తనంతట తాను విషం కాదు, మెదడులో ఎంఏఓ-బి అనే ఎంజైమ్ దాన్ని విషంగా మారుస్తుంది. మీ ఎక్స్‌ట్రాక్ట్‌కు ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే గుణం ఉంటే విషమే తయారు కాదు, కణాలు బతుకుతాయి, మీరేమో నరాలను కాపాడింది అని రాస్తారు. కాబట్టి మెదడులో ఆ విషం, అంటే ఎంపీపీ ప్లస్, ఎంత తయారైందో కొలవకుండా ఈ మోడల్‌లో గట్టి మాట చెప్పొద్దు.

రోటెనోన్ మోడల్ ర్యాట్‌లలో చేయొచ్చు. పురుగుమందుగా వాడిన పదార్థం, మైటోకాండ్రియాలో శక్తి తయారీ మొదటి మెట్టు దగ్గర ఆపుతుంది. పారాక్వాట్‌ను కూడా మోడల్‌గా వాడతారు. అదేమిటో మన రైతులకు చెప్పక్కర్లేదు, గడ్డి మందు. పత్తి చేలల్లో చేతి తొడుగు లేకుండా, మాస్క్ లేకుండా ఏళ్ల తరబడి కొట్టిన మందునే మనం చిట్టెలుకల్లో పార్కిన్సన్స్ తెప్పించడానికి వాడుతున్నాం. పారాక్వాట్‌తో పనిచేసిన వాళ్లలో పార్కిన్సన్స్ ఎక్కువగా కనిపించిందని కొన్ని దేశాల అధ్యయనాలు చెప్పాయి. అదే కారణమని తేల్చేశారని అనను, కానీ ఈ ప్రాంతంలో కూర్చుని పార్కిన్సన్స్ మోడల్ ఎంచుకునే విద్యార్థి పారాక్వాట్ గురించి ఒక్కసారైనా ఆలోచించాలని నా కోరిక.

ఎక్స్‌ట్రాక్ట్ ఎప్పుడు మొదలుపెట్టాలి? అందరూ విషానికి వారం ముందే ఇస్తున్నారు కదా?

ఈ పేజీలో ఒక్క జవాబు చదివి వదిలేస్తానంటే ఇదే చదవండి.

ఎక్కువ ప్రయోగాల్లో ఎక్స్‌ట్రాక్ట్‌ను జబ్బు తెప్పించే విషానికి ముందు గానీ, విషంతో పాటు గానీ ఇస్తారు. ఫలితం బాగా వస్తుంది. కానీ మనిషి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుంది? పార్కిన్సన్స్‌లో వణుకు కనిపించేనాటికే కదలికలను నడిపే డోపమైన్ కణాల్లో పెద్ద భాగం పోయి ఉంటుంది. అల్జీమర్స్‌లో మార్పులు మతిమరుపు కనిపించడానికి పదేళ్ల పైగా ముందే మొదలవుతాయి. పత్తిలో గులాబీ పురుగు రాకముందు లింగాకర్షక బుట్టలు పెట్టి జాగ్రత్తపడటం వేరు, కాయ తొలిచేశాక మందు కొట్టడం వేరు. ముందే ఇచ్చిన ప్రయోగం నివారణ గురించి చెప్తుంది, చికిత్స గురించి చెప్పదు.

కాబట్టి వీలైతే ఒక గ్రూపుకు ముందు నుంచీ, ఇంకో గ్రూపుకు విషం ఆపి నష్టం జరిగిందని పరీక్షలో తేలిన తర్వాత నుంచీ ఇవ్వండి. రెండో గ్రూపులో ఫలితం రాకపోవచ్చు. వస్తే మాత్రం అది నిజంగా మాట్లాడదగ్గ ఫలితం. పేపర్ చదివేటప్పుడు కూడా హెడ్డింగ్ వదిలేసి మెథడ్స్‌లో ఈ తేదీలే ముందు చూడండి. విషం ఏ రోజు, ఎక్స్‌ట్రాక్ట్ ఏ రోజు.

ఎక్స్‌ట్రాక్ట్ నీళ్లతో తీయాలా, ఆల్కహాల్‌తో తీయాలా?

ఏం కావాలో దాన్ని బట్టి. బీటా గ్లూకాన్లు (పైన చెప్పిన పాలిసాకరైడ్లలో ఒక రకం) కావాలంటే వేడి నీళ్లు. గానోడెర్మాలోని చేదు ట్రైటెర్పీన్లు, లయన్స్ మేన్ హెరిసెనోన్లు, ఎరినాసిన్లు నీళ్లలో సరిగా దిగవు, ఇథనాల్ కావాలి. రెండూ కావాలంటే రెండుసార్లు తీసి కలపాలి. బీటా గ్లూకాన్లు పెద్ద అణువులు, మెదడులోకి నేరుగా పోతాయని ఆశించొద్దు. పనిచేస్తే పేగు, రోగనిరోధక వ్యవస్థ ద్వారా చేయాలి. మీ పరికల్పన రాసేటప్పుడే ఈ తేడా తేలిపోవాలి.

ధాన్యం మీద పెంచిన మైసీలియం పొడి కొంటే అందులో ధాన్యం పిండి కూడా ఉంటుంది. చిటికెడు పొడి నీళ్లలో కాచి చల్లార్చి అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం తిరుగుతుంది, పిండి ఉందని అర్థం. బజారులో కొన్న డబ్బా పొడితో ప్రాజెక్టు చేసే పిల్లలకు ఈ పరీక్ష ముందు చేయమంటాను. ఆ తర్వాత కనీసం ఒక గుర్తు పదార్థాన్నైనా హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద కొలవండి. సీసం, కాడ్మియం, పాదరసం చూపించండి, ఎందుకంటే పుట్టగొడుగులు పెరిగిన చోటు నుంచి భారలోహాలను బాగా పీల్చుకుంటాయి, నరాల మీద పరీక్షించే ఎక్స్‌ట్రాక్ట్‌లోనే సీసం ఉంటే ఇక ఏం తేలుతుంది?

నల్లమలలో, మా ఊరి చెట్ల మొదళ్ల దగ్గర గానోడెర్మా దొరుకుతది. అదే తెచ్చి వాడొచ్చా?

దొరుకుతుంది, నిజమే. మెరిసే ఎర్రటి టోపీ, చెక్క లాగా గట్టిగా. కానీ కంటితో చూసి గానోడెర్మా లూసిడం అని రాసేయకండి. ఆ పేరు అసలు యూరప్ జాతిది, చైనాలో సాగు చేసే లింగ్‌ఝీని 2012లో గానోడెర్మా లింగ్‌ఝీ అని వేరే జాతిగా వర్ణించారు. మన చెట్ల మీద ఉన్నవి ఈ రెండూ కాకపోవచ్చు. ఐటీఎస్ సీక్వెన్సింగ్ (డీఎన్ఏతో జాతిని గుర్తించే పరీక్ష) చేయించి, ఒక నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాలు దాచే చోట) పెట్టి, ఆ నంబర్ థీసిస్‌లో రాయండి. లేదంటే ఇంకొకరు అదే ప్రయోగం మళ్లీ చేయలేరు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల నుంచి అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ తేకూడదు. ఇంకో సంగతి, చెంచు పెద్దలను అడిగి వాళ్లు చూపిన పుట్టగొడుగు మీద పని చేస్తుంటే ఆ తెలివి వాళ్లది. ముందే ఎందుకు అడుగుతున్నామో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, థీసిస్‌లో ఆ సంగతి స్పష్టంగా రాయండి, ఫలితం వచ్చాక మళ్లీ వెళ్లి చెప్పండి. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది, దాని నియమాలు గైడ్‌తో కూర్చుని చదవండి.

వానకాలం పుట్టకొక్కులు తింటే మెదడుకు మంచిదేనా?

తెలిసినవాళ్లు ఏరినవి, తరతరాలుగా తింటున్నవి అయితే తినండి, రుచికి సాటిలేదు. ఔషధం అని మాత్రం అడవిలో తెలియనివి ఏరకండి. కొన్ని విషపు పుట్టగొడుగులు తిన్న 6 గంటల తర్వాత గానీ వాంతులు మొదలుకావు, మధ్యలో కాస్త తగ్గినట్టు అనిపించి ఆ తర్వాత లివర్ పోతుంది.

200, 400 మిల్లీగ్రాముల డోసు ఎక్కడి నుంచి వచ్చింది?

అలవాటు నుంచి. ఓఈసీడీ 423 అనే విష పరీక్ష పద్ధతిలో కిలోకు 2000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి ఎలుకలు చనిపోలేదని చూస్తారు, అందులో పదో వంతు 200, ఐదో వంతు 400 అని తీసుకుంటారు. చావలేదు అన్నది భద్రత గురించి చెప్తుంది, ఏ డోసు పనిచేస్తుందో చెప్పదు. మనిషి వైపు నుంచి లెక్క వేసి చూడండి. ర్యాట్‌కు కిలోకు 200 అంటే 6తో గుణించి 37తో భాగిస్తే (ర్యాట్, మనిషి శరీర పరిమాణాల తేడాను సరిచేసే అంకెలు ఇవి) మనిషికి కిలోకు దాదాపు 32, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 2 గ్రాముల దాకా ఎక్స్‌ట్రాక్ట్. గుర్తుంచుకోండి, పొడి కాదు, ఎక్స్‌ట్రాక్ట్. 100 గ్రాముల ఎండు పుట్టగొడుగు నుంచి 20 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ వచ్చిందనుకుంటే అది రోజుకు 10 గ్రాముల ఎండు పుట్టగొడుగు. ఇది మనిషి తినగలడా, కొనగలడా అని రాసే ముందు ఆలోచించాలి. మూడు డోసులు పెట్టండి, డోసు పెరిగితే ఫలితం పెరిగిందా చూడండి.

గ్రూపుకు 6 ఎలుకలు చాలా?

6 అన్నది ఎక్కడా చట్టం కాదు. ప్రవర్తన పరీక్షల్లో ఒక ఎలుకకు ఇంకో ఎలుకకు తేడా ఎక్కువ, 6తో చాలాసార్లు ఉన్న తేడా కూడా దొరకదు, లేని తేడా దొరికినట్టు అనిపిస్తుంది. పాత పేపర్ల నుంచి తేడా ఎంతో తీసుకుని సంఖ్య లెక్క కట్టి, ఆ లెక్కతో కమిటీని అడగండి.

సంఖ్య కంటే ముఖ్యం ఇంకోటుంది. ఏ ఎలుక ఏ గ్రూపో లాటరీ పద్ధతిలో తేల్చాలి, స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషికి ఏ గ్రూపో తెలియకూడదు. మన దగ్గర డోసు ఇచ్చేదీ, టైమ్ చూసేదీ, లెక్క వేసేదీ ఒకే విద్యార్థి. పక్క రూమ్ జూనియర్‌తో బోనుల మీద కోడ్ వేయించుకుంటే ఖర్చు సున్నా, నమ్మకం మాత్రం ఎంతో పెరుగుతుంది. మగ ఎలుకలే ఎందుకు అన్న ప్రశ్న కూడా వేసుకోండి, అల్జీమర్స్ ఆడవాళ్లలోనే ఎక్కువ.

వాటర్ మేజ్‌లో టైమ్ తగ్గింది. జ్ఞాపకశక్తి పెరిగినట్టేనా?

ఈత వేగం చూశారా? రిచర్డ్ మోరిస్ 1980ల మొదట్లో తెచ్చిన ఈ పరీక్షలో ఎలుక నీళ్ల కింద దాగిన అరుగును గోడల మీద గుర్తులు చూసి వెతుక్కోవాలి. వేగంగా ఈదితే తొందరగా చేరుతుంది, అది జ్ఞాపకం కాదు. అరుగు తీసేసి, అది ఉండిన మూలలో ఎంతసేపు తిరిగిందో చూసే ప్రోబ్ ట్రయల్ తప్పకుండా చేయండి. విస్టార్ లాంటి తెల్ల ఎలుకలకు చూపు తక్కువ, గుర్తులు పెద్దవిగా, నలుపు తెలుపుల్లో పెట్టండి. వస్తువులను గుర్తుపట్టే పరీక్ష, వై ఆకారపు తోవల్లో తిప్పే వై మేజ్ కూడా తోడుగా పెడితే మంచిది, ఒక్క పరీక్ష మీద ఆధారపడొద్దు.

ఎండాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎలుకల గది 22 డిగ్రీలకు అటు ఇటు 3 డిగ్రీల్లో ఉండాలి. మే నెలలో నల్లగొండలో బయట 45 దాటుతుంది, కరెంటు పోతే గది ఎంత తొందరగా వేడెక్కుతుందో యానిమల్ హౌస్ పని చేసినవాళ్లకు తెలుసు. వేడికి ఎలుక తినదు, కదలదు, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, మేజ్‌లో తప్పుతుంది. ఏసీకి జనరేటర్ లేకపోతే ప్రవర్తన పరీక్షలను ఆగస్టు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. గైడ్ ఒప్పుకోకపోతే ఈ పేరా చూపించండి.

ఎలుకలకు బోరు నీళ్లు పోయొచ్చా?

మన జిల్లాల్లో వద్దు. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ మన ఊరి పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచం మొత్తం పిలుస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ ఎక్కువ ఇచ్చిన ఎలుకల మెదడులో ఆక్సిడేటివ్ మార్పులు చూపిన పరిశోధనలు చాలా ఉన్నాయి. పైగా ఫ్లోరైడ్ అల్యూమినియంతో కలుస్తుంది. బోరు నీళ్లు తాగుతున్న ఎలుకలకు అల్యూమినియం మోడల్ పెడితే, మీ కంట్రోల్ గ్రూపు కూడా మామూలు గ్రూపు కాదు. పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలి ఉండొచ్చు, అది కూడా పనికిరాదు. ఆర్ఓ నీళ్లు పోయండి, ఆ ఆర్ఓ నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఎంతో ఒకసారి పరీక్ష చేయించి అంకె థీసిస్‌లో వేయండి. మన ప్రాంతం నుంచి వచ్చే పేపర్లో ఈ ఒక్క వాక్యం ఉంటే చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

అనుమతులు ఏం కావాలి?

కాలేజీ యానిమల్ హౌస్‌కు జంతు ప్రయోగాలను చూసే కేంద్ర కమిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి, సీపీసీఎస్ఈఏ అని పాత పేరు, ఇప్పుడు సీసీఎస్ఈఏ. జంతు హింస నివారణ చట్టం 1960 కింద ఉంటుంది. ఫారం-బి నింపి సంస్థ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలి. అనుమతి తేదీకి ముందు ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవద్దు.

ఎలుకలను చంపి పరీక్ష చేయడం పాపం కాదా సార్?

ఈ ప్రశ్న అడిగిన పిల్లలంటే నాకు గౌరవం. నాకు దీనికి తేలికైన జవాబు లేదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వాళ్లకోసం ఏదో ఒకటి వెతకాలి, కొన్ని ప్రశ్నలకు ఇప్పటికీ ప్రాణమున్న మెదడు లేకుండా జవాబు దొరకదు. కానీ దానర్థం ప్రతి ప్రశ్నకూ ఎలుక కావాలని కాదు. కణాల్లో, ఈగల్లో, సీ ఎలిగాన్స్ పురుగులో ముందు పరీక్షించి, అక్కడ ఏమీ కనిపించకపోతే ఎలుక దాకా పోవద్దు. రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాలు, వేరే దారి ఉంటే అది, సంఖ్య తక్కువ, బాధ తక్కువ, కాగితం మీద రాసి వదిలేయడానికి కాదు. ఇప్పటికే పదిసార్లు జరిగిన ప్రయోగాన్ని పుట్టగొడుగు పేరు మార్చి మళ్లీ చేయడానికి ఎలుకలను వాడటాన్ని మాత్రం నేను ఒప్పుకోను. గొట్టంతో డోసు ఇవ్వడం చేయి కుదిరిన తర్వాతే మొదలుపెట్టండి, మెత్తగా పట్టుకోవడం నేర్చుకోండి. ఎలుక బాధపడుతుంటే ప్రయోగం మధ్యలోనే దాన్ని బాధ లేకుండా ముగించే గీత ఎక్కడో ముందే రాసిపెట్టుకోండి.

ఎండీఏ తగ్గింది, ఎస్ఓడీ పెరిగింది. న్యూరోప్రొటెక్టివ్ అని రాయొచ్చా?

వద్దు. ఎండీఏ ఆక్సిడేటివ్ నష్టానికి గుర్తు, ఎస్ఓడీ దాన్ని అడ్డుకునే ఎంజైమ్, కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ ప్రభావం కనిపించిందని రాయండి. నరాలను కాపాడిందనాలంటే కణాలు లెక్కపెట్టాలి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ స్లైడ్లు, పార్కిన్సన్స్ అయితే డోపమైన్ కణాలను చూపించే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ మరక వేసిన కణాల సంఖ్య.

ఎలుకల్లో ఇంత బాగా పనిచేస్తుంటే మనుషులకు మందు ఎందుకు రావట్లేదు?

2002 నుంచి 2012 దాకా అల్జీమర్స్ మందుల క్లినికల్ ప్రయోగాలను లెక్కవేస్తే 99.6 శాతం విఫలమయ్యాయి. వాటిలో చాలావరకు జంతువుల్లో పనిచేసినవే. పైన రాసినవన్నీ కారణాలు: విషంతో తెచ్చిన జబ్బు అసలు జబ్బు కాదు, కుర్ర ఎలుక ముసలి మనిషి కాదు, ముందే ఇచ్చిన డోసు ఆలస్యంగా ఇచ్చిన మందు కాదు, 6 ఎలుకలు, కోడ్ లేని బోనులు. పుట్టగొడుగులకు ఇంకోటి కలుస్తుంది, ఒక బ్యాచ్‌లో ఉన్నది ఇంకో బ్యాచ్‌లో ఉండదు. తైవాన్‌లో ఎరినాసిన్-ఎ ఎంత ఉందో కొలిచి, అల్జీమర్స్ తొలిదశ రోగులకు 49 వారాలు ఇచ్చిన ప్రయోగం 2020లో వెలువడింది. రోజువారీ పనులు చేసుకునే స్కోరులో తేడా కనిపించింది. మంది చాలా తక్కువ, అయినా పద్ధతి సరైనది, దారి అటే ఉంది.

మరి కూరగా తింటే?

తినండి. సింగపూర్‌లో 60 దాటిన 663 మందిని చూస్తే, వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ పుట్టగొడుగులు తినేవాళ్లలో కొద్దిపాటి మతిమరుపు దాదాపు సగమే ఉందని 2019లో రాశారు. అది తిండి వల్లే అని తేలలేదు, బాగా తినేవాళ్ల మిగతా అలవాట్లు కూడా బాగుండొచ్చు. పుట్టగొడుగుల్లో ఎర్గోథయొనీన్ అనే పదార్థం ఎక్కువ, శరీరంలో దాన్ని కణాల్లోకి తీసుకెళ్లే ప్రత్యేక రవాణా ప్రొటీన్ ఉంది, అందుకే దాని మీద ఆసక్తి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు మన దగ్గర వరిగడ్డి మీద పండుతుంది, లయన్స్ మేన్ డబ్బా ధరతో పోలిస్తే ఎంతో చౌక.

రీషీ, లయన్స్ మేన్ ఎవరు వాడకూడదు?

రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు రీషీ జోలికి పోవద్దు, ఆపరేషన్ ఉంటే ముందే ఆపి డాక్టర్‌కు చెప్పండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇలాంటి పొడి ఏది మొదలుపెట్టినా షుగర్ చూసుకుంటూ ఉండాలి. రీషీ పొడితో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆపేయండి. పెద్దవాళ్లు రోజూ వేసుకునే మాత్రల చీటీ, ఈ డబ్బా, రెండూ కలిపి డాక్టర్ ముందు పెట్టండి.

ఫలితం రాకపోతే నా థీసిస్ ఏమైతది?

ఏమీ కాదు. పద్ధతి సరిగ్గా ఉంటే ఫలితం రాలేదన్నది కూడా ఫలితమే, అలాగే రాయండి. నష్టం జరిగాక ఇచ్చిన గ్రూపులో తేడా రాలేదు అని ఒక్క నిజాయితీ టేబుల్ వేస్తే, అదే ఎక్స్‌ట్రాక్ట్‌తో అదే డోసులో అదే ప్రయోగం ఇంకో కాలేజీలో మళ్లీ జరగదు, ఇంకో 30 ఎలుకలు మిగులుతాయి. వైవాలో ఎవరైనా అడిగితే గ్రాఫులతో పాటు కోడ్ వేసిన పేజీ, నీళ్ల రిపోర్టు, గది ఉష్ణోగ్రతల రిజిస్టర్ కూడా తీసి చూపించండి.